'హ్యావ్' అంటే 'కలిగి ఉండు' కాదు

క్లుప్తంగా: ఇంగ్లీషులో అన్నిటికంటే ఎక్కువగా వాడుకలో ఉన్న క్రియల్లో 'హ్యావ్' ఒకటి. దానికి సరితూగే ఒక్క క్రియ తెలుగులో లేదు. బడిలో దానికి చెప్పే 'కలిగి ఉండు' అనే అర్థం ఎవరూ మాట్లాడని తెలుగు. 'ఐ యామ్ హ్యావింగ్ టూ బ్రదర్స్' లాంటి తప్పులకు ఆ అర్థం నేరుగా దారి తీస్తోంది. 'ఉంది', 'వచ్చుంటాడు', 'కట్టించాడు', 'వెళ్ళాలి' అని ఇంట్లో మాట్లాడే మాటల్లో మాత్రం 'హ్యావ్' చేసే పనులు దాదాపు అన్నీ దొరుకుతాయి. అక్కడి నుంచి మొదలుపెడితే ఈ క్రియ అంత కష్టమైనది కాదు.

విన్నది విన్నట్టు పాటిస్తే వచ్చే తప్పు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఇంగ్లీషు అవసరం బడితో ఆగిపోవడం లేదు. ఉద్దానం నుంచి గల్ఫ్‌కు వెల్డింగ్ పనికి వెళ్ళేవాళ్ళున్నారు. విదేశీ ఆసుపత్రుల్లో చేరాలనుకునే నర్సులున్నారు. భోగాపురం విమానాశ్రయం చుట్టూ వచ్చే ఉద్యోగాల మీద ఆశ పెట్టుకున్న డిగ్రీ విద్యార్థులున్నారు. ఇంటర్వ్యూలో మొదటి రెండు నిమిషాల్లో వీళ్ళందరూ చెప్పాల్సిన సంగతులు దాదాపు ఒకటే: అనుభవం ఎన్నేళ్ళు, ఇంట్లో ఎందరు, ఏ సర్టిఫికెట్లు ఉన్నాయి. మూడింటికీ 'హ్యావ్' కావాలి. నాలుక తడబడేది అక్కడే. 'ఐ హ్యావ్' అంటే సరిపోయే చోట 'ఐ యామ్ హ్యావింగ్ ఫైవ్ ఇయర్స్ ఎక్స్‌పీరియన్స్' అని వస్తుంది.

ఈ తప్పు చేసేవాళ్ళు పాఠం విననివాళ్ళు కారు. విన్నది విన్నట్టు పాటించినవాళ్ళే చేస్తారు. బడిలో బోర్డు మీదా, చౌకగా దొరికే గ్రామర్ గైడ్లలోనూ కనిపించే పట్టిక ఒకటుంది. 'బి' అంటే ఉండు, 'డూ' అంటే చేయు, 'హ్యావ్' అంటే కలిగి ఉండు. దాని కింద ఉదాహరణ: 'ఐ హ్యావ్ ఎ బుక్' అంటే 'నేను ఒక పుస్తకమును కలిగి ఉన్నాను'. నరసన్నపేటలో గానీ గజపతినగరంలో గానీ ఇలా మాట్లాడే మనిషి ఉండడు. 'నా దగ్గిర పుస్తకం ఉన్నాది' అంటాడు.

ఇక్కడ జరుగుతున్నది గమనించాలి. 'తింటూ ఉన్నాను' అంటే 'ఐ యామ్ ఈటింగ్' అని పిల్లలు అప్పటికే నేర్చుకుని ఉంటారు. అంటే వాక్యం చివర 'ఉన్నాను' వస్తే 'యామ్' పెట్టాలి, దాని ముందున్న క్రియకు 'ఇంగ్' తగిలించాలి అన్నది వాళ్ళకు వంటబట్టిన సూత్రం. ఇప్పుడు 'కలిగి ఉన్నాను' వచ్చింది. 'ఉన్నాను'కు 'యామ్', 'కలిగి'కి 'హ్యావింగ్'. ఫలితం 'ఐ యామ్ హ్యావింగ్'. పిల్లవాడు చేసిన అనువాదంలో తప్పు లేదు. అనువదించమని ఇచ్చిన తెలుగు వాక్యమే తప్పు.

ఇలాంటి 'హ్యావింగ్' తెలుగువాళ్ళకే పరిమితం కాదు. ఉత్తరాది వాళ్ళ నోటా, మలయాళీల నోటా వినిపిస్తుంది. భారతీయ ఇంగ్లీషు లక్షణాల్లో ఒకటిగా దాన్ని చాలాకాలంగా గుర్తిస్తున్నారు. కాబట్టి కారణమంతా ఒక్క తెలుగు మాట మీదే వేయలేం. అయితే తెలుగు బడిలో ఆ తప్పుకు తయారుగా ఒక మెట్టు కట్టి ఇస్తున్నది మాత్రం ఈ 'కలిగి ఉండు'.

'కలుగు' అసలు స్వభావం

'కలుగు' అన్న క్రియకు మొదటి నుంచీ ఉన్న అర్థం పుట్టడం, ఏర్పడడం, ఉండడం. 'నాకు సందేహం కలిగింది', 'వాళ్ళకు సంతానం కలిగింది' అంటాం. పాత కథల్లో 'ఒక ఊరిలో ఒక రైతు కలడు' అన్నా అంతే. ఇక్కడ సందేహం గానీ సంతానం గానీ కర్త. మనిషికి 'కి' విభక్తి పడింది. మనిషి దేన్నీ పట్టుకుని లేడు. అతనికి ఒకటి కలిగింది, అంతే. దాన్ని తలకిందులు చేసి 'నేను పుస్తకమును కలిగి' అని మనిషిని కర్తగా, పుస్తకాన్ని కర్మగా చేసినప్పుడు తెలుగు వాక్యానికి ఇంగ్లీషు అస్థిపంజరం తొడిగినట్టయింది. చట్టాల అనువాదాలకూ, 'అభ్యర్థి డిగ్రీ కలిగి ఉండవలెను' అనే ప్రభుత్వ ప్రకటనలకూ అది అలవాటైపోయింది. పల్లె మాటలో 'కలిగినోళ్ళు' అనే మాట ఒకటి బతికే ఉంది గానీ, దాని అర్థం ధనవంతులు అని. పుస్తకం చేతిలో ఉన్నంత మాత్రాన ఎవరూ కలిగినోళ్ళు కారు.

ఈ నేల మీద ఈ సంగతి చెప్పుకోవడానికి ఇంకో కారణం ఉంది. గిడుగు రామమూర్తి 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా పనిచేస్తూ సవర భాషను సవరల నోటి నుంచే నేర్చుకున్నారు. బడులను పర్యవేక్షించడానికి వచ్చిన జె.ఎ. యేట్స్ అనే ఇంగ్లీషు అధికారికి ఒక సందేహం వచ్చింది. జనం మాట్లాడే తెలుగు ఒకటైతే పిల్లల చేత చదివించే తెలుగు మరొకటి ఎందుకైంది అని. ఆ ప్రశ్న గిడుగునూ, విజయనగరం మహారాజా కళాశాలలో పాఠాలు చెప్పిన గురజాడనూ కదిలించింది. వాడుక భాష కోసం సాగిన పోరాటం అక్కడ ఊపందుకుంది. ఆ పోరాటం గెలిచింది. పత్రికలు మారాయి, పాఠ్యపుస్తకాలు మారాయి. ఇంగ్లీషు క్రియలకు అర్థాలు చెప్పే పట్టికలో మాత్రం గ్రాంథికం ఇంకా కదలకుండా కూర్చుంది. ఇది బాధ కలిగించే విషయమే. ఎందుకంటే ఆ పట్టికను నమ్మి నష్టపోతున్నది తెలుగు మీడియంలో చదివి, ఇంట్లో ఇంగ్లీషు వినిపించని పిల్లలు.

మన 'ఉంది'లు ఎన్ని

తెలుగులో 'హ్యావ్' లేదంటే లోటు ఉందని కాదు. ఇంగ్లీషు ఒక్క మాటతో కలిపేసిన సంబంధాలను తెలుగు విడివిడిగా చూస్తుంది. 'నాకు డబ్బుంది' అంటే ఆస్తిపరుణ్ణి. 'నా దగ్గర డబ్బుంది' అంటే ఇప్పుడు జేబులో ఉంది, అప్పు తెచ్చిందైనా కావచ్చు. 'నాకు ఇద్దరు పిల్లలున్నారు' అంటే కన్న పిల్లలు. 'నా దగ్గర ఇద్దరు పిల్లలున్నారు' అంటే చదువు కోసమో మరెందుకో వచ్చి ఇంట్లో ఉంటున్న పిల్లలు కూడా కావచ్చు. 'వాడిలో ధైర్యం ఉంది' అన్నప్పుడు స్వభావం, 'ఇంటికి మూడు గుమ్మాలున్నాయి' అన్నప్పుడు వస్తువుకూ దాని భాగానికీ ఉన్న సంబంధం. ఇంగ్లీషులో వీటన్నిటికీ 'హ్యావ్' సరిపోతుంది. జేబులో ఉన్నదని విడిగా చెప్పాలంటే 'ఆన్ మి', వెంట ఉన్నదంటే 'విత్ మి' అని తోక తగిలించాలి. దీన్ని బట్టి అభ్యాసకుడికి ఒక సుఖం కూడా ఉంది. తెలుగులో 'కి' వచ్చినా, 'దగ్గర' వచ్చినా, 'లో' వచ్చినా, ఫలానాది ఫలానా వారికి ఉంది అనే అర్థం ఉంటే ఇంగ్లీషులో వెళ్ళి చేరే చోటు ఒకటే.

ఇలా 'ఉంది' అనడం మన ఒక్కరి పద్ధతి కాదు. హిందీలో 'మేరే పాస్ పైసా హై' అంటే అచ్చంగా 'నా దగ్గర డబ్బుంది'. ఇచ్ఛాపురం వైపు వినిపించే ఒడియాలో 'మోర గోటిఏ భాయి అఛి' అంటే 'నాకో తమ్ముడున్నాడు', మాటకు మాట పెడితే 'నా ఒక తమ్ముడు ఉన్నాడు'. గల్ఫ్ వెళ్ళొచ్చినవాళ్ళకు తెలిసిన అరబ్బీ 'ఇందీ' కూడా 'నా దగ్గర' అనే మాటే. రష్యన్ భాషదీ ఇదే దారి. లాటిన్‌లో 'హ్యావ్' లాంటి క్రియ ఉన్నా 'నాకు ఉంది' అనే పద్ధతి కూడా ఉండేది.

మరి ఇంగ్లీషు వేరే దారి ఎందుకు పట్టింది? 'హ్యావ్'కు మూలం పట్టుకోవడం అనే అర్థమున్న అతి ప్రాచీన ధాతువు. లాటిన్‌లో పట్టుకోవడం అనే అర్థంలో ఉన్న 'కాపెరె' దాని చుట్టమే. ఇంగ్లీషు 'క్యాప్చర్' పుట్టింది ఆ 'కాపెరె' నుంచే. లాటిన్ 'క' ఉన్న చోట జర్మానిక్ భాషల్లో 'హ' రావడం ఒక క్రమం ప్రకారం జరిగిన మార్పు. లాటిన్ 'హబెరె'కు అర్థమూ ధ్వనీ రెండూ 'హ్యావ్'తో కలుస్తాయి గానీ రెండింటికీ చుట్టరికం లేదు. సంగతేమిటంటే, పట్టుకున్నవాడే కర్త అన్న ఊహ ఇంగ్లీషు వాక్యంలో మొదటి నుంచీ ఉంది.

దీని పర్యవసానం ఒకటి పరీక్ష పేపర్లలో రోజూ కనిపిస్తుంది. తెలుగులో క్రియ ఉన్న వస్తువును చూసి మారుతుంది: నాన్నకు ఆవు ఉంది, నాన్నకు ఎడ్లు ఉన్నాయి, నాన్నకు తమ్ముడున్నాడు. ఇంగ్లీషులో క్రియ సొంతదారును చూసి మారుతుంది. ఆవు ఒకటైనా నాలుగైనా నాన్న ఒక్కడే కాబట్టి 'మై ఫాదర్ హ్యాజ్'. 'మై ఫాదర్ హ్యావ్ ఫోర్ కౌస్' అని రాసిన పిల్లవాడి చెవిలో 'ఆవులు ఉన్నాయి' అనే బహువచనం మోగుతూ ఉండొచ్చు. ఏకవచనానికి 'హ్యాజ్' అన్న సూత్రం వాడికి తెలుసు. ఎవరి ఏకవచనం అన్నది ఎవరూ చెప్పి ఉండరు.

'హ్యావింగ్' ఎప్పుడు తప్పు, ఎప్పుడు ఒప్పు

'హ్యావింగ్' ఎప్పుడూ తప్పేనని కొందరు కొట్టిపారేస్తారు. అదీ సరికాదు. 'వి ఆర్ హ్యావింగ్ లంచ్' సరైన వాక్యం. 'దే ఆర్ హ్యావింగ్ ట్రబుల్ విత్ ది మోటార్' కూడా. తేడా ఏమిటంటే, ఇంగ్లీషులో స్థితిని చెప్పే క్రియకు 'ఇంగ్' రాదు, జరుగుతున్న పనిని చెప్పే క్రియకు వస్తుంది. 'హ్యావ్' ఒక్కటే రెండు వేషాలూ వేస్తుంది.

ఈ తేడాను పట్టడానికి తెలుగే మంచి గీటురాయి. వాక్యాన్ని ఇంట్లో మాట్లాడినట్టు అనుకోవాలి. సహజంగా 'ఉంది' వస్తే 'ఇంగ్' పెట్టకూడదు: నాకు ఐదేళ్ళ అనుభవం ఉంది, ఆమెకు కారుంది, మాకు రెండెకరాల జీడితోట ఉంది. సహజంగా 'తున్నాను' వస్తే 'ఇంగ్' పెట్టొచ్చు: భోజనం చేస్తున్నాను, స్నానం చేస్తున్నాడు, ఇబ్బంది పడుతున్నాం. ఒంట్లో బాగాలేనప్పుడు కూడా ఇది పనికొస్తుంది. 'జ్వరంగా ఉంది' అంటాం కాబట్టి 'ఐ హ్యావ్ ఎ ఫీవర్'. ఆకలి దగ్గర మాత్రం ఈ గీటురాయి పనిచేయదు. 'ఆకలిగా ఉంది' అన్నది తెలుగులో జ్వరం లాంటి వాక్యమే అయినా, ఇంగ్లీషులో అది 'ఐ యామ్ హంగ్రీ'. ఫ్రెంచివాళ్ళు ఆకలికి కూడా తమ 'హ్యావ్' వాడతారు. ఏ భాష ఏ బాధను ఏ క్రియకు అప్పగించిందన్నది వాడుక తేల్చిన విషయం. దాన్ని గుర్తుపెట్టుకోవాల్సిందే.

తప్పు జరిగితే పెద్దగా నష్టం లేదు, అర్థమవుతుంది కదా అనే మాట చాలావరకు నిజం. అన్నిసార్లూ కాదు. 'మై సిస్టర్ హ్యాజ్ ఎ బేబీ' అంటే అక్కకు పసిబిడ్డ ఉంది. 'మై సిస్టర్ ఈజ్ హ్యావింగ్ ఎ బేబీ' అంటే అక్క గర్భవతి, లేదా ఇప్పుడు కాన్పు జరుగుతోంది. సెలవు చీటీలో గానీ ఆసుపత్రి కౌంటర్ దగ్గర గానీ ఈ రెండూ ఒకటి కావు. ముందుగా ఖాయమైన పనులకు కూడా 'ఇంగ్' వస్తుంది. 'వి ఆర్ హ్యావింగ్ ఎ మీటింగ్ ఎట్ ఫోర్' అంటే నాలుగింటికి మీటింగ్ పెట్టుకున్నాం అని.

సొంతం చెప్పే మాట కాలం చెప్పడం ఎలా మొదలుపెట్టింది

విద్యార్థులను ఎక్కువగా తికమక పెట్టేది రెండో 'హ్యావ్'. 'ఐ హ్యావ్ ఈటెన్' అన్నప్పుడు ఎవరి దగ్గరా ఏమీ లేదు. ఆ మాట అక్కడికెలా వచ్చింది?

పాత ఇంగ్లీషులో 'నా దగ్గర పట్టిన చేప ఉంది' అనే ధోరణిలో వాక్యం ఉండేది. 'హ్యావ్' అక్కడ నిజంగా సొంతాన్నే చెప్పేది, 'పట్టిన' అన్నది చేపకు విశేషణం. పట్టిన చేప దగ్గర ఉందంటే పట్టడం అయిపోయిందనే కదా. క్రమంగా బరువు చేప మీద నుంచి పట్టడం మీదికి జరిగింది. 'పట్టిన' విశేషణం క్రియలో భాగమైపోయింది, 'హ్యావ్' దానికి సహాయక క్రియ అయింది. అందుకే ఈ కాలానికి ఇప్పటికీ ఒక గుణం ఉంది: పని గతంలో జరిగినా దాని ఫలితం ఇప్పుడు మన చేతిలో ఉండాలి. వచ్చే, పోయే క్రియలకు అప్పట్లో 'హ్యావ్' కాకుండా 'బి' వాడేవారు. జర్మన్ ఇప్పటికీ అలాగే చేస్తుంది. ఇంగ్లీషులో 'హి ఈజ్ గాన్' అనే వాడుక దానికి మిగిలిన ఆనవాలు.

ఇప్పుడు తెలుగు చూడాలి. 'వచ్చి ఉన్నాడు', 'వచ్చుంటాడు', 'వచ్చి ఉండొచ్చు'. సొంతం చెప్పడానికి వాడే 'ఉండు'నే తెలుగు కూడా అయిపోయిన పనిని చెప్పడానికి సహాయక క్రియగా పెట్టుకుంది. ఇంగ్లీషులో 'హ్యావ్' ఏ రెండు పనులు చేస్తుందో తెలుగులో 'ఉండు' ఆ రెండు పనులూ చేస్తుంది. ఈ పోలిక బడిలో చెప్పకపోవడం పెద్ద లోపం. చెబితే కష్టమని పేరుపడ్డ వాక్యాలు కూడా తేలికవుతాయి. 'వచ్చుంటాడు' అంటే 'హి మస్ట్ హ్యావ్ కమ్'. 'వచ్చి ఉండొచ్చు' అంటే 'హి మే హ్యావ్ కమ్'. 'చదివి ఉంటే పాసయ్యేవాడు' అంటే 'ఇఫ్ హి హ్యాడ్ స్టడీడ్, హి వుడ్ హ్యావ్ పాస్డ్'. 'చదివి ఉంటే' అన్నదానిలో 'ఉంటే'ను చూసి 'హ్యాడ్' పెట్టమంటే పదో తరగతి పిల్లలకు ఆ వాక్యం బట్టీ కొట్టే అవసరం ఉండదు.

పోలిక ఆగేది ఒక్క చోట. మామూలు మాటలో తెలుగు 'తిన్నాను' అనే ఒక్క రూపంతో 'ఐ ఏట్', 'ఐ హ్యావ్ ఈటెన్' రెండూ గడుపుతుంది. అందువల్ల 'ఐ హ్యావ్ సీన్ హిమ్ ఎస్టర్‌డే' అని వచ్చేస్తుంది. నిన్న, మొన్న, 2019లో అని అయిపోయిన సమయం పేరు చెప్పాక 'హ్యావ్' రాదు, 'ఐ సా హిమ్ ఎస్టర్‌డే' అనాలి. అయితే ఉత్తరాంధ్ర మాట ఇక్కడా ఒక సాయం చేస్తుంది. 'అన్నం తిన్నావా?' అని అడిగితే 'తినీసినాను' అంటారు. ఎప్పుడు తిన్నాడన్నది కాదు, ఆ పని అయిపోయింది, ఇక వడ్డించక్కర్లేదు అన్నది ఆ జవాబు. 'ఐ హ్యావ్ ఈటెన్' అనే మాట చెప్పేది అదే. ప్రతిసారీ సరిపోతుందని చెప్పలేం గానీ, ఆ తేడా చెవికి అందడానికి ఇంతకంటే దగ్గరి దారి లేదు.

'గాన్', 'బీన్' సంగతీ అంతే. 'విశాఖ వెళ్ళాడు' అంటే ఇంకా అక్కడే ఉన్నాడు: 'హి హ్యాజ్ గాన్ టు విశాఖ'. 'విశాఖ ఎల్లొచ్చినాడు' అంటే తిరిగొచ్చాడు: 'హి హ్యాజ్ బీన్ టు విశాఖ'. ఇంగ్లీషు వ్యాకరణం పేజీ నిండా వివరించే తేడాను మన 'వచ్చు' ఒక్క ముక్కలో చెప్పేసింది.

'నుంచి' మాత్రం జాగ్రత్తగా చూడాల్సిన మాట. 'పదేళ్ళ నుంచి రాజాంలో ఉంటున్నాను' అనే వాక్యంలో క్రియ వర్తమానంలో ఉంది. దాన్ని అలాగే దించితే 'ఐ యామ్ లివింగ్ ఇన్ రాజాం సిన్స్ టెన్ ఇయర్స్' అవుతుంది. ఇందులో తప్పులు రెండు. గతంలో మొదలై ఇప్పటిదాకా సాగుతున్నదానికి ఇంగ్లీషు 'హ్యావ్ బీన్ లివింగ్' అంటుంది. ఇక 'నుంచి' అన్న ఒక్క మాటను ఇంగ్లీషు రెండుగా చీల్చింది. మొదలైన క్షణం చెబితే 'సిన్స్ 2015', గడిచిన కాలం చెబితే 'ఫర్ టెన్ ఇయర్స్'.

చేయడమా, చేయించడమా

'ఇల్లు కట్టాడు', 'ఇల్లు కట్టించాడు' అనే మాటల తేడా తెలుగువాళ్ళకు పుట్టుకతో తెలుసు. కట్టినవాడు తాపీమేస్త్రి, కట్టించినవాడు యజమాని. ఇంగ్లీషు ఈ పనికి కూడా 'హ్యావ్'నే పిలుస్తుంది. మాటల వరుస మారితే మనిషే మారిపోతాడు. 'హి హ్యాడ్ బిల్ట్ ది హౌస్' అంటే అప్పటికే తాను కట్టేశాడు. 'హి హ్యాడ్ ది హౌస్ బిల్ట్' అంటే కట్టించాడు. పొందూరు ఖద్దరు కొని దర్జీకిచ్చి చొక్కా కుట్టించుకున్న మనిషి 'ఐ హ్యాడ్ స్టిచ్డ్ ఎ షర్ట్' అంటే తానే మిషను తొక్కానని చెప్పినట్టు. 'ఐ హ్యాడ్ ఎ షర్ట్ స్టిచ్డ్' అనాలి. పాత ఇంగ్లీషులో 'పట్టిన చేప ఉంది' అనే వాక్యం విడిపోయి రెండు శాఖలైందని అనుకుంటే ఈ వరుస గుర్తుంటుంది. క్రియ వస్తువుకు ముందు చేరితే కాలం, వస్తువు తర్వాత మిగిలితే చేయించడం.

ఇదే అచ్చులో మరో అర్థం కూడా ఉంది. 'హి హ్యాడ్ హిజ్ ఫోన్ స్టోలెన్' అంటే అతను దగ్గరుండి దొంగతనం చేయించాడని కాదు, అతని ఫోను పోయిందని. ఇంగ్లీషు దృష్టిలో రెండు సందర్భాల్లోనూ పని ఇంకొకరిది, ఫలితం ఇతనిది. తెలుగు 'ఇంచు' ప్రత్యయం ఇంత దూరం రాదు.

'హ్యావ్ టు'

ఇక్కడ చెప్పుకోవాల్సింది తక్కువ. 'ఐ హ్యావ్ టు గో' అంటే 'నేను వెళ్ళాలి'. దీని వ్యతిరేకం దగ్గర మాత్రం పొరపాటు పడితే అర్థం మారిపోతుంది. 'యూ డోంట్ హ్యావ్ టు గో' అంటే 'నువ్వు వెళ్ళక్కర్లేదు'. 'యూ మస్ట్ నాట్ గో' అంటే 'నువ్వు వెళ్ళకూడదు'. తెలుగు 'అక్కర్లేదు', 'కూడదు' అని వేరు మాటలే పెట్టుకుంది కాబట్టి వాటినే పట్టుకుంటే చాలు. వినడానికి వస్తే, ఈ అర్థంలో 'హ్యావ్ టు' అన్నది 'హ్యాఫ్‌టు' అని వినిపిస్తుంది, 'హ్యాజ్ టు' 'హ్యాస్‌టు' అని వినిపిస్తుంది. వెనకున్న 'ట' ధ్వని ముందున్నదాన్ని తనలా మార్చుకోవడం వల్ల వచ్చిన మార్పు ఇది.

రాతలో, వినికిడిలో మెలికలు

'వుడ్ హ్యావ్', 'కుడ్ హ్యావ్' వేగంగా మాట్లాడితే 'వుడవ్', 'కుడవ్' అయిపోతాయి. అందుకే ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాళ్ళే చాలామంది 'వుడ్ ఆఫ్' అని తప్పు రాస్తారు. చెవితో నేర్చుకున్నవాళ్ళ తప్పు అది, కంటితో నేర్చుకునే మన పిల్లలు సాధారణంగా అది చేయరు. మన పిల్లలకు ఇబ్బంది 'హ్యాడ్ హ్యాడ్' దగ్గర. ముద్రణ దోషమని కొట్టేస్తారు. మొదటి 'హ్యాడ్' సహాయక క్రియ, రెండోది అసలు క్రియ. 'హి హ్యాడ్ హ్యాడ్ ఫీవర్ ఫర్ ఎ వీక్' అంటే అప్పటికే వారం రోజులుగా అతనికి జ్వరం ఉంది. 'హ్యావ్ గాట్' విషయంలో మరో అపోహ ఉంది. 'గాట్' ఉంది కాబట్టి దొరికింది, అందింది అని అర్థం చెప్పుకుంటారు. 'ఐ హ్యావ్ గాట్ ఎ పెన్' అంటే నా దగ్గర పెన్నుంది అని మాత్రమే. పాత పుస్తకాల్లోని 'హ్యావ్ యూ ఎ పెన్?' అనే ప్రశ్న తప్పు కాదు, పాతబడింది. ఇప్పుడు 'డూ యూ హ్యావ్' అంటారు.

ఒక పని ముగించి మరో పని చేశామని చెప్పే క్త్వార్థకం మాటకొస్తే, 'వెళ్ళి', 'తిని', 'చేసి' అనే రూపాలకు 'హ్యావింగ్ గాన్', 'హ్యావింగ్ ఈటెన్', 'హ్యావింగ్ డన్' అని పాత అనువాద పాఠాలు నేర్పాయి. వ్యాకరణం ప్రకారం అందులో దోషం లేదు. కానీ 'బజారుకెళ్ళి కూరలు కొన్నాను' అన్నంత మామూలు మాటకు 'హ్యావింగ్ గాన్ టు ది మార్కెట్' అని మొదలుపెడితే కోర్టు కాగితంలా ఉంటుంది. తెలుగులో క్త్వార్థకం రోజూ వాడుకునేది. ఇంగ్లీషులో ఈ 'హ్యావింగ్' ఎప్పుడో ఒకసారి వాడుకునేది. 'ఐ వెంట్ టు ది మార్కెట్ అండ్ బాట్ వెజిటబుల్స్' అంటే సరిపోతుంది.

దీని ప్రభావం ఎంత

'ఐ యామ్ హ్యావింగ్' రేపు భారతీయ ఇంగ్లీషులో ఒప్పుగా స్థిరపడవచ్చు. భాషలు అలా మారిన సందర్భాలు చాలా ఉన్నాయి, మన మధ్య మాట్లాడుకునేటప్పుడు దానివల్ల ఎవరికీ నష్టం లేదు. పరీక్షల లెక్క వేరు. విదేశాలకు వెళ్ళేవాళ్ళు రాసే ఐఈఎల్‌టీఎస్‌లో రాత పరీక్షకూ మాట పరీక్షకూ చెరి నాలుగు కొలమానాలు ఉంటాయి. నాలుగింటికీ సమాన విలువే, రెండు పరీక్షల్లోనూ వ్యాకరణ శుద్ధి ఆ నాలుగింటిలో ఒకటి. 'హ్యావ్' లేకుండా పది వాక్యాలు మాట్లాడడం కష్టం కాబట్టి ఒకే తప్పు పదే పదే బయటపడుతుంది. పదాలు ఎన్ని వచ్చినా ఆ ఒక్క క్రియ మొత్తం మాటను బలహీనంగా కనిపించేలా చేస్తుంది.

సరిదిద్దడానికి కొత్త పుస్తకాలు అక్కర్లేదు. పట్టికలో 'కలిగి ఉండు' ఉన్న చోట 'కి ఉంది, దగ్గర ఉంది' అని రాస్తే మొదటి తప్పు చాలావరకు ఆగుతుంది. ఆపై 'వచ్చుంటాడు' పక్కన 'మస్ట్ హ్యావ్ కమ్', 'కట్టించాడు' పక్కన 'హ్యాడ్ ఇట్ బిల్ట్' పెట్టొచ్చు. తెలుగు వాక్యం పిల్లలదే అయి ఉండాలి, గైడుది కాకూడదు.

సరిహద్దు మండలాల్లో ఇది ఇంకో మెట్టు లోతుగా ఉంటుంది. ఇచ్ఛాపురం, మందస వైపు ఇంట్లో ఒడియా మాట్లాడే పిల్లలున్నారు. 'మోర గోటిఏ భాయి అఛి' అని ఇంట్లో అనే పిల్ల బడికొచ్చి 'నాకో తమ్ముడున్నాడు' నేర్చుకుంటుంది, ఆ దూరం ఒక్క అడుగు. ఆ తర్వాత 'నేను ఒక తమ్ముని కలిగి ఉన్నాను' నేర్చుకుంటుంది. అది ఆమె ఇంటి భాషా కాదు, ఊరి భాషా కాదు. 'ఐ హ్యావ్ ఎ బ్రదర్' అనే నాలుగు మాటలకు ఆమె అక్కడి నుంచి దారి వెతుక్కోవాల్సి వస్తోంది. 'అఛి' అంటే 'ఉంది', ఇంగ్లీషులో 'హ్యావ్' అని ఒక్కసారి చెబితే మధ్యలో ఆ వాక్యం అవసరమే రాదు.